కరెంటు పెట్టే గది

ఫిజియోథెరపీ అనే మాట హైదరాబాద్ జనం నోట పడడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతకుముందు దాని పేరు ఒక్కటే: కరెంటు పెట్టడం. "అమ్మ మోకాళ్ళకి కరెంటు పెట్టిస్తున్నం", "పది సిట్టింగులు రాసిండ్రు, ఆరు అయినయి" అన్న మాటలు బస్టాపుల్లో, ఓపీ చీటీల క్యూల్లో వినబడేవి. ఆసుపత్రి ఏదైనా ఆ గది దాదాపు ఒకచోటే ఉండేది. కింది అంతస్తులో, వరండా చివర, ఎక్స్‌రే గది దాటాక. తలుపు తియ్యగానే ముందు వాసన తగిలేది: కరిగిన మైనం, స్పిరిట్, టాల్కం పౌడరు, ఆరీ ఆరని తువ్వాళ్ళు. ఆ వెనకే చప్పుళ్ళు. భుజం తిప్పే షోల్డర్ వీల్ కిర్రుమనేది, ఒంటి లోపలికి వేడి పెట్టే డయాథర్మీ యంత్రం టైమర్ టింగుమనేది, పట్టుకు నడిచే ప్యారలల్ బార్ల మధ్య కాళ్ళకు బిగించిన ఇనుప కాలిపర్ల తాళాలు టక్కుమని పడేవి.

ఇప్పుడు అద్దాల గదులు, టచ్ స్క్రీన్ యంత్రాలు వచ్చాయి. మంచిదే. కానీ ఆ పాత గదిలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి దిగిన పని కొంత మరుగున పడుతోంది. గుర్తున్నంతవరకు రాసిపెట్టుకోవాలి.

మైనం తొట్టితోనే మొదలుపెడదాం. వేళ్ళ కీళ్ళు బిగుసుకున్నవాళ్ళకి, మణికట్టు విరిగి కట్టు విప్పినవాళ్ళకి అది పెద్ద ఊరట. ప్యారఫిన్ మైనం 7 పాళ్ళు, లిక్విడ్ ప్యారఫిన్ 1 పాలు. ఆ నూనె కలిస్తేనే మైనం తక్కువ వేడికి కరిగి ఉంటుంది. తొట్టి 50 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. థర్మామీటర్ పగిలిపోయిన రోజున చూసే గుర్తు ఒకటుంది: పైన అంచుల వెంట పాల మీద మీగడలా పల్చటి తెల్లపొర కడుతుంటే చెయ్యి పెట్టొచ్చు. ముంచేముందు గాజులు, ఉంగరాలు తీయించి, చెయ్యి కడిగించి, వేళ్ళ సందులతో సహా పొడిగా తుడవాలి. అక్కడ నీటిచుక్క మిగిలితే మైనం కింద అది కాగి బొబ్బ లేస్తుంది. వేళ్ళు విడదీసి ముంచి తీసి, మైనం మెరుపు పోయేదాకా ఆగి, మళ్ళీ ముంచాలి. అలా 8 నుంచి 10 సార్లు. రెండోసారి నుంచి, మొదటిసారి మైనం అంటిన గీతకంటే కొంచెం కిందివరకే ముంచాలి. గీత దాటితే వేడి మైనం పొర లోపలికి జారి చర్మం కాలుతుంది. మధ్యలో వేళ్ళు కదిపితే పొర చిట్లుతుంది, ఫలితం అదే. తర్వాత ప్లాస్టిక్ కాగితం, దానిమీద తువ్వాలు చుట్టి 15 నుంచి 20 నిమిషాలు. ఒలిచిన వెచ్చటి ముద్దను రోగి అరచేతిలోనే పెట్టి పిసికించేవారు. అసలు వైద్యం అప్పుడే మొదలయ్యేది. వేడి కీలును మెత్తబరుస్తుంది, అంతే. ఆ మెత్తదనం పోకముందే వేళ్ళను వంచాలి.

ఏ వేడి పెట్టేముందయినా రెండు టెస్ట్ ట్యూబుల పరీక్ష తప్పదు. ఒకదాంట్లో వేడినీళ్ళు, ఒకదాంట్లో చన్నీళ్ళు. రోగిని కళ్ళు మూసుకోమని, మార్చి మార్చి తాకించి ఏది ఏదో చెప్పించాలి. షుగరు బాగా ముదిరిన పాదాలు, కుష్ఠు సోకిన చేతులు ఈ పరీక్షలోనే బయటపడేవి. స్పర్శ లేనిచోట వేడి పెడితే రోగి చల్లగా కూర్చునే ఉంటాడు, ఒళ్ళు మాత్రం కాలిపోతుంది. కూకట్‌పల్లిలో 1958లో రాణి కుముదినీ దేవి ప్రారంభించిన శివానంద రిహాబిలిటేషన్ హోమ్ వంటి చోట్ల చేరిన కుష్ఠు రోగులకు ఉండే ముఖ్యమైన బాధ ఈ స్పర్శలేమే. అలాంటి పాదాలకు, చేతులకు రోజూ 20 నిమిషాలు మామూలు నీళ్ళలో నానబెట్టి, గట్టిపడిన తోలు మెల్లగా గీకి, తడి ఆరకముందే నూనె రాయడం నేర్పాలి. పగుళ్ళు రాకపోతే పుండ్లు తగ్గుతాయి. చూడ్డానికి చాలా చిన్న పని, వేళ్ళు పోకుండా కాపాడేది అదే.

డయాథర్మీ పెట్టె ఇనప్పెట్టెంత ఉండేది, చేతుల్లా రెండు ప్యాడ్లు. 27.12 మెగాహెర్ట్జ్ తరంగాలు కణజాలం లోపల వేడి పుట్టిస్తాయి. మంచం చెక్కదే ఉండాలి. ప్యాడుకీ ఒంటికీ మధ్య పొడి తువ్వాలు, చెమట పడితే ఆపి తుడవాలి, కేబుళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. లోపల రాడ్డు, ప్లేటు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళను ఆ గదిలోకే రానిచ్చేవారు కాదు. రోగులతో వచ్చే చిక్కు ఒకటే: "ఇంకొంచెం పెంచండి సార్, సరిగ్గా తెలుస్తలేదు" అంటారు. గోరువెచ్చగా హాయిగా అనిపిస్తే చాలని, ఎంత కాలితే అంత మేలు కాదని ప్రతి సిట్టింగులో చెప్పాల్సి వచ్చేది. కోతల కాలంలో ఇంకో జాగ్రత్త కూడా తోడైంది. కరెంటు పోయిన క్షణమే నాబ్‌ను సున్నాకు తిప్పెయ్యాలి. మర్చిపోతే కరెంటు రాగానే యంత్రం పూర్తి జోరుతో మొదలవుతుంది. కండరానికి కరెంటు ఇచ్చి కదిలించే స్టిమ్యులేటర్ విషయంలో అయితే రోగి ఎగిరిపడతాడు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు.

ఆ గదిలో పనిచేసేవాళ్ళు ఎక్కువమంది ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళే. ఎంబీబీఎస్ సీటు అందక బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో, చేరినవాళ్ళూ ఉన్నారు, ఇంట్లో పోలియో బిడ్డనో పక్షవాతం వచ్చిన తాతనో చూసి కోరి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అప్పట్లో నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది అనాటమీ హాల్లో ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతూ కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో చూడ్డం, సాయంత్రం తోటివిద్యార్థి వీపు మీద స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టడం. మెడ వంచితే పొడుచుకొచ్చే ఎముక ఏడో మెడపూస. రెక్క ఎముక కింది మొన దగ్గర ఏడో ఛాతీపూస. తుంటి ఎముకల పై అంచులు కలుపుతూ గీత గీస్తే నాలుగో నడుంపూస. నడుం కింద రెండు సొట్టలు కలిపితే, నడుంపూసల కిందుండే త్రికాస్థిలో రెండో పూస. ఈ నాలుగు గుర్తులు వేలికి అబ్బితే స్కాన్ ఫిల్మ్ చేతిలో లేకపోయినా వెన్ను మీద దారి తప్పరు. ఈ వృత్తికి దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో వచ్చింది, అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం. అంతకుముందు అరకొర శిక్షణతో యంత్రం కొని షట్టర్‌లో బోర్డు పెట్టినవాళ్ళకీ, నాలుగున్నరేళ్ళు చదివినవాళ్ళకీ జనం దృష్టిలో తేడా లేదు. ఆ బాధ ఈ తరానికి కొంతైనా తగ్గాలి.

పాత గదిలో పిల్లల మూల వేరు. పోలియో. గోడవారన వరసగా తోలు బూట్లు, వాటికి బిగించిన ఇనుప కడ్డీల కాలిపర్లు, చిన్నచిన్న చంకకర్రలు. పోలియో కాలు ఎలా వంకరపోతుందంటే, తుంటి ముందుకు వంగి పక్కకు తెరుచుకుంటుంది, మోకాలు ముడుచుకుంటుంది, మడమ పైకి లేచిపోతుంది. రోజూ సాగదీయకపోతే ఆ మూడు వంపులూ ఎముకంత గట్టిపడి ఆపరేషన్ దాకా పోతుంది. తల్లులకు నేర్పేది ఇదే: బిడ్డను బోర్లా పడుకోబెట్టి పిరుదు మీద ఒక చెయ్యి అదిమి, ఇంకో చేత్తో తొడ పైకెత్తి 30 సెకన్లు, పదిసార్లు, పొద్దున సాయంత్రం. మడమను అరచేతిలో గిన్నెలా పట్టుకుని పాదాన్ని పైకి వంచడం. మునివేళ్ళు పట్టుకు వంచితే పాదం మధ్యలో విరిగినట్టు వంగుతుంది, మడమ మాత్రం దిగదు. ఎక్కువమంది తల్లులు చేసే పొరపాటు ఇది.

ఇప్పటి నిమ్స్ ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. అక్కడి ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాం పనిచేసే క్షిపణి ప్రయోగశాలకు వచ్చి, అగ్ని కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ని తన వార్డుకు తీసుకెళ్ళిన సంగతి కలాం చాలాచోట్ల చెప్పారు. మూడేసి కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లల్ని చూశాక, 300 గ్రాముల ఆర్థోసిస్, అంటే కాలికి కట్టే ఊతం, మూడు వారాల్లో తయారైంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఆ తేడా ఎంతో తెలుసు. కాలు ఊపడానికి కండరంలో బలమే లేనప్పుడు మూడు కిలోల ఇనుమును తుంటి నుంచి విసరాలి. ప్రతి అడుగుకీ నడుం పక్కకి వంగిపోతుంది. బరువు పోతే ఆ బిడ్డ స్కూలు దాకా నడవగలదు. దేశంలో సహజ (వైల్డ్) వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో లేని దేశంగా ధ్రువీకరణ వచ్చింది. ఆ మూల ఖాళీ అయినంత సంతోషం ఆ గదిలో మరేదీ లేదు.

ఇక రోగిని చూసే పద్ధతి. ఆ రోజుల్లో మంచి థెరపిస్టు చీటీ చదవకముందే రోగి తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా ఎలా వచ్చాడో చూసేవాడు. చెప్పులు ఎలా వదిలాడు, వంగాడా, గోడ పట్టుకున్నాడా, ఏ కాలి చెప్పు ఏ అంచున అరిగింది. తర్వాత ప్రశ్నలు: ఇంట్లో ఏ అంతస్తు? బాత్రూం ఎలాంటిది? అన్నం కింద కూర్చుని తింటారా? నమాజ్ చేస్తారా? ఏ బస్సు ఎక్కుతారు? ఇవేవీ కబుర్లు కావు. మామూలు నడకకు మోకాలు 60 నుంచి 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకు, కుర్చీలోంచి లేవడానికి 90 నుంచి 100 కావాలి. బాసిపట్టు వెయ్యడానికి, గొంతుక్కూర్చోడానికి, నమాజ్‌లో మడమల మీద కూర్చోడానికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. ఎవరికెంత కావాలో తెలియకుండా "వ్యాయామం చెయ్యండి" అంటే దానికి అర్థం లేదు. ఆ తర్వాతే గోనియోమీటరుతో కోణం, టేపుతో తొడ చుట్టుకొలత, కండరబలం సున్నా నుంచి అయిదు దాకా. కీలు కదలకపోయినా కండరం కాస్త అదిరితే ఒకటి. భూమి లాగుడు లేకుండా కదిలితే రెండు. దాన్ని ఎదిరిస్తే మూడు. రెండుకీ మూడుకీ మధ్యన ఉన్న కాలి కోసమే గత్రీ స్మిత్ ఫ్రేము. ఇనుప జాలీ పంజరంలోంచి తాళ్ళు, స్ప్రింగులు, కాన్వాస్ పట్టీలతో కాలిని గాల్లో తేలగట్టి ఊపించేవారు. ఇవాళ చాలాచోట్ల దాన్ని విప్పి పాతసామాన్లకు వేశారు. అది అంత తేలిగ్గా వదిలెయ్యాల్సింది కాదు.

మోకాలి మార్పిడి ఆపరేషన్లు నగరంలో పెరిగాక పని తీరు మారింది. మొదటిరోజునుంచే పాదాలు పైకీ కిందకీ ఆడించడం, గంటకోసారి పదేసి. మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి దాన్ని కిందకి నొక్కమనడం, అయిదు సెకన్లు పట్టి వదలడం. మోకాలు నిటారుగా ఉంచి కాలు అడుగు ఎత్తు లేపడం. మడమను మంచం మీద జార్చుతూ మోకాలు వంచడం. రెండు వారాలకు 90 డిగ్రీలు రావాలని చూస్తాం. కానీ ఇంట్లోవాళ్ళు వంపు గురించే ఆరాటపడతారు, చాపు గురించి అడగరు. మోకాలి కింద దిండు పెడితే రోగికి హాయిగా ఉంటుంది, అందుకే పెడతారు. రెండు వారాలు అలా పడుకుంటే మోకాలు పూర్తిగా చాపడం పోతుంది. పది డిగ్రీలు వంగిన కాలు కురచ కాలులా కుంటుతుంది, ఎప్పటికీ అలిసిపోతుంది. దిండు మడమ కింద ఉండాలి, మోకాలి కింద ఖాళీగా ఉండాలి. ఈ ఒక్క మాట డిశ్చార్జి రోజున మంచం పక్కనున్న ప్రతివాళ్ళకీ, అమ్మమ్మకీ కోడలికీ విడివిడిగా చెప్పాలి. నొప్పికి కొలత కూడా చెప్పాలి: వ్యాయామం తర్వాత లేచిన నొప్పి రెండు గంటల్లో తగ్గితే సరే, మర్నాడు పొద్దున్న మోకాలు ఉబ్బి వేడిగా ఉంటే లెక్క సగానికి తగ్గించాలి, మానెయ్యకూడదు.

భుజం పట్టేసినవాళ్ళు, అందులో షుగరున్నవాళ్ళు, ఈ నగరంలో ప్రతి వీధిలో ఉన్నారు. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు అమెరికా వైద్యుడు కాడ్‌మన్ 1934లో పెట్టాడు. మూడు దశలు: నొప్పి దశ, బిగుసుకునే దశ, కరిగే దశ. అన్నీ కలిపి ఏడాది నుంచి మూడేళ్ళు పడుతుంది. ఆడవాళ్ళు జాకెట్టు హుక్కు అందడం లేదని, జడ వేసుకోలేకపోతున్నానని చెబుతారు. మగవాళ్ళు వెనక జేబులో పర్సు అందడం లేదంటారు. చెయ్యి బయటికి తిప్పడం అన్నిటికంటే ముందు పోతుంది, కాబట్టి ముందు దాన్నే తేవాలి. వెల్లకిలా పడుకుని, మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, చేతుల్లో గొడుగుకర్ర పట్టుకుని, మంచి చేత్తో చెడ్డ చేతిని బయటికి తొయ్యాలి. 30 సెకన్లు ఆగాలి, అయిదుసార్లు. కాడ్‌మన్ పేరుతోనే ఉన్న లోలకం వ్యాయామంలో చెయ్యి వేలాడాలి; ఊపు నడుంలోంచి రావాలి. చేత్తోనే తిప్పితే భుజం కండరం బిగుస్తుంది, చేసిందంతా వృథా. నొప్పి దశలో బలవంతంగా లాగే థెరపిస్టు రోగాన్ని పొడిగిస్తాడు. ఇది చాలా కఠినంగా చెప్పాల్సిన మాట, ఎందుకంటే అరుపు వినబడితేనే వైద్యం జరిగినట్టు నమ్మే గదులు ఇంకా ఉన్నాయి.

మోచెయ్యి దెబ్బతిన్న పిల్లల గురించి ఒక్కటే చెప్పాలి. గల్లీలో బిగించిన నాటుకట్టుతో వేళ్ళు నీలంగా మారితే, వేళ్ళు చాపబోతే బిడ్డ కేకపెడితే, ఆ కట్టు ఆ నిమిషమే విప్పాలి. రక్తం అందక ముంజేతి కండరం గంటల్లో చచ్చిపోతుంది, ఆ చెయ్యి గోళ్ళు ముడుచుకున్న పిట్టకాలిలా అవుతుంది. దెబ్బతిన్న మోచేతికి మర్దన అసలు చెయ్యకూడదు. కండరంలో ఎముక పెరిగి కీలు మూసుకుపోతుంది.

పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లోవాళ్ళు ఎంతో ప్రేమగా చూసుకుంటారు, ఆ ప్రేమలోనే కొన్ని హాని చేస్తారు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపుతారు. భుజం కీలును నిలబెట్టే కండరాలు వదులైపోయి బంతి గిన్నెలోంచి కిందకి జారి ఉంటుంది. ఒక్క లాగుడుతో నెలల నొప్పి. లేపేవాళ్ళు రెక్క ఎముక వెనక, నడుం దగ్గర పట్టుకోవాలి. పడుకున్నప్పుడు ఆ భుజం కింద దిండు, రెండు గంటలకోసారి పక్క మార్చడం. కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ బలమున్న వైపు పెట్టాలి. పిడికిలి బిగుసుకునే చేతికి పిసకడానికి రబ్బరు బంతి ఇవ్వడం మంచి అలవాటు కాదు. ముడుచుకునే చెయ్యికి ముడవడమే నేర్పినట్టవుతుంది. టీ గ్లాసు మీద వేళ్ళు తెరవడం, బల్ల మీద తువ్వాలు ముందుకి తొయ్యడం లాంటి పనులు ఇస్తే తెరవడం అలవాటవుతుంది. కప్పీ తాడు ఆ భుజానికి అస్సలు వద్దు.

కొన్ని పాత పనులు వదిలేశాం, వదలడమే సరైంది. నడుం నొప్పికి మూడు వారాలు చెక్క మీద పడుకోబెట్టడం అందులో మొదటిది. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ 1950లలో తల వైపు ఎత్తి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్న రోగికి కాలిలోని లాగుడు తగ్గడం గమనించాడు. అప్పట్నుంచి నొప్పి కాలిలోంచి నడుంలోకి పైకి జరగడం మంచి గుర్తని, పిక్కలోకి దిగడం చెడు గుర్తని తెలిసింది. మూతి వంకరపోయినవాళ్ళకి గట్టి కరెంటు పెట్టడం కూడా తగ్గింది. వాళ్ళు మూడు రోజుల్లోపు డాక్టరు దగ్గర స్టెరాయిడ్ మాత్రల సంగతి తేల్చుకోవాలి, రాత్రి కన్ను మూసి టేపు వెయ్యాలి, మొహం వ్యాయామాలు అద్దం ముందు మెల్లగా చెయ్యాలి.

సాయంత్రాలు ఇంటింటికి తిరిగే పని వేరు. స్కూటర్ డిక్కీలో చిన్న స్టిమ్యులేటర్, జెల్, క్రేప్ బ్యాండేజ్, గోనియోమీటర్, టేపు. పాతబస్తీ ఇళ్ళ ఎత్తు గడపలు, కూకట్‌పల్లి కాలనీ ఫ్లాట్ల లిఫ్టు లేని మూడో అంతస్తు, అల్వాల్ పెంకుటిళ్ళ నేల మీది పరుపులు: ఆసుపత్రి గదిలో కనబడని రోగం ఇంట్లో కనబడుతుంది. బరువులు కొననక్కర్లేదు, లీటరు నీళ్ళ సీసా ఒక కిలో. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

కర్ర విషయంలో మాత్రం తొందరపడకూడదు. చెప్పులు వేసుకుని నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు గీత ఎంత ఎత్తులో ఉందో కర్ర పిడి అంత ఎత్తు ఉండాలి; పట్టుకున్నప్పుడు మోచెయ్యి 20 నుంచి 30 డిగ్రీలు వంగాలి. తాతగారి కర్ర తండ్రికి సరిపోదు. నొప్పి ఎడమ మోకాలిదైతే కర్ర కుడిచేతిలో ఉండాలి, ఎడమ కాలుతో కలిసి కదలాలి. అందరూ నొప్పి వైపే పట్టుకుంటారు. కింది రబ్బరు బుడిపె నెలకోసారి తిరగేసి చూడాలి. ఒక పక్కే అరిగితే మనిషి కర్ర మీద పక్కకి వాలుతున్నాడని అర్థం, ఎత్తు మళ్ళీ కొలవాలి. గీతలు పూర్తిగా అరిగితే తడి బాత్రూంలో జారుతుంది, అదే రోజు మార్చాలి.